గడ్డం ఆనించి చదవవలెను

రేవుపాలెం శాఖా గ్రంథాలయానికి వచ్చే దినపత్రిక ఒక్కటే. చదివేవాళ్ళు తొమ్మిదిమంది. అయినా ఎవరికీ ఏనాడూ కొరత రాలేదు. పొద్దున్నే పేపరు రాగానే గ్రంథపాలకుడు సోమసుందరం గారు దాన్ని షీట్లుగా విడదీసి పొడుగుబల్ల చుట్టూ పంచేవారు. ఎవరిది అయిపోతే వాళ్ళు కుడిపక్క మనిషికి అందించాలి. సినిమా పేజీ దగ్గర సైకిలు షాపు జోగులు కాస్త ఎక్కువసేపు ఆగేవాడు. మంత్రుల ప్రకటనలు ఎవరి దగ్గరా ఆగకుండా పరిగెత్తేవి. గంటన్నరలో ప్రపంచమంతా బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కాస్త నలిగి, మళ్ళీ సోమసుందరం గారి చేతికొచ్చేది.

సాయంత్రం నాలుగింటికి రెండో విడత. ఇది చదవడం రానివాళ్ళకీ, చూపు ఆననివాళ్ళకీ. పాపారాయుడు గారు కిటికీ పక్క చేతుల కుర్చీలో కూర్చుని ముందు వార్తలూ, తరవాత ఏదో ఒక పుస్తకంలో నాలుగు పేజీలూ పైకి చదివేవారు. ఆయన కాలవ లాకుల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పడవలవాళ్ళని కేకేసి కేకేసి ఆయన గొంతు అవతలి గట్టుదాకా వినపడేలా తయారైంది. ఎవరైనా ఒక్క పేరు తప్పుగా పలికితే దిద్దకుండా ఉండలేరు. చదవకుండా తరవాతి కథ ముందే చెప్పకూడదని ఆయనే ఒక రూలు పెట్టారు. ఆయన్ని ఎవరూ దిద్దలేదు, అంత గొంతుతో పోటీ ఎవరు పడతారు? పాతికమంది వినేవాళ్ళు. వాళ్ళలో పూలమ్మే మాణిక్యం పదకొండేళ్ళుగా ఒక్కరోజు మానలేదు. చేతులు మాలలు కట్టుకుంటూ పోతుంటే చెవులు మాత్రం పాపారాయుడు గారికి అప్పగించేది.

సోమసుందరం గారు భార్య పోయినప్పట్నుంచీ ఆదివారాలు కూడా వచ్చి తలుపులు తీసేవారు. ఇంట్లో గోడగడియారం చప్పుడు మరీ ఎక్కువైందని ఆయన చెప్పే కారణం. పదవీ విరమణకి ఇంకా రెండేళ్ళుంది. ఈ రెండేళ్ళూ ఇలాగే గడిచిపోతే చాలనుకునేవారు.

అలాంటి రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. 'విషయము: గ్రంథాలయములందు వాస్తవ పఠనమును యంత్రసహాయమున ధ్రువీకరించుట గురించి.'

ఉత్తర్వు వెనకే నాలుగు యంత్రాలొచ్చాయి, వాటి వెనక జిల్లా డిజిటల్ పఠన ప్రత్యేకాధికారి హేరంబరావు గారు వచ్చారు. యంత్రం పేరు నేత్రమిత్ర. చూడ్డానికి పలకంత తెర, కింద ఒక కన్ను, పైన చిన్న దీపం. ముందు కళ్ళ డాక్టరు దగ్గర ఉండేలాంటి గడ్డం స్టాండు.

"ఇంతకాలం ఎన్ని పుస్తకాలు ఇచ్చామో లెక్కపెట్టాం. ఎవరు చదివారో లెక్కపెట్టామా?" అని హేరంబరావు గారు పూలదండ వేసుకుని ప్రసంగించారు. "పుస్తకం పట్టుకెళ్ళి దిండుకింద పెట్టుకున్నవాడూ పాఠకుడే, చదివినవాడూ పాఠకుడే! ఈ అరాచకానికి నేటితో స్వస్తి. ఇకనుంచి కనుగుడ్డు ఎడమనుంచి కుడికి కదిలితేనే పఠనం. కదిలిన ప్రతి నిమిషమూ రాజధానిలో నమోదవుతుంది."

"మరి పేపరండి?" అన్నాడు జోగులు.

"కాగితం పేపరు రద్దు. తనను ఎవరు చదివారో చెప్పలేని వస్తువుకు ప్రభుత్వం చందా కట్టజాలదు. ఇందులోనే వస్తుంది, చదువుకోండి."

"నాలుగే ఉన్నాయండి. మేం తొమ్మిది మందిమి."

"క్రమశిక్షణతో వంతులు వేసుకోవలెను."

వెళ్ళేముందు, అక్కడున్న ప్రతివాళ్ళ ముఖమూ యంత్రానికి చూపించి నంబర్లు ఇచ్చారు. నాలుగింటి చదువు వినడానికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్న మాణిక్యానికి పదిహేడో నంబరు వచ్చింది. గోడకి ఒక బోర్డు తగిలించారు.

'గడ్డం ఆనించి చదవవలెను. నవ్వరాదు. నవ్వినచో ముఖము కదలును. ముఖము కదిలినచో పఠనము భంగమగును. ఒకేచోట మూడు క్షణములకు మించి నిలిచిన చూపు నిద్రగా పరిగణింపబడును.'

మర్నాడు నాలుగింటికి పాపారాయుడు గారు స్టాండు మీద గడ్డం ఆనించి వార్తలు పైకి చదవబోయారు. నోరు తెరిస్తే గడ్డం కిందకి దిగాలి. కింద స్టాండుంది. కాబట్టి తలే పైకి లేచింది. తల లేవగానే యంత్రంలోని ఆడగొంతు "దయచేసి చదవండి" అంది. ఆయన మళ్ళీ ఆనించి "ముఖ్య—" అన్నారు. "దయచేసి చదవండి" అంది. నాలుగుసార్లు అయ్యాక ఆయన లేచి, "చదవనిస్తే కదే!" అని అవతలి గట్టుకి వినపడేలా అరిచి, బీరువాలోంచి ఒక ఓడ కథ తీసుకుని తన కుర్చీకి వెళ్ళిపోయారు. దారితప్పిన సరుకుల ఓడ కథ అది. వినేవాళ్ళకి పేపరు లేని లోటు ఆ ఓడే తీర్చింది.

నెలాఖరుకి రేవుపాలెం శాఖలో ధ్రువీకరించిన పఠనం నాలుగు వందల పన్నెండు నిమిషాలని తేలింది. ఉండాల్సింది ఎనిమిది వేలు.

సోమసుందరం గారు ఫోను చేశారు. "మావాళ్ళు చదువుతున్నారండి. కాకపోతే మధ్యమధ్యలో ఆగి ఆలోచిస్తున్నారు."

"ఆలోచన పఠనంలో భాగం కాదు సుందరం గారూ. అది వేరే శాఖ" అన్నారు హేరంబరావు గారు. "ఏ నెలైనా ఎనిమిది వేలు దాటని శాఖను జిల్లా కేంద్ర గ్రంథాలయంలో విలీనం చేస్తాం. కొత్త గనక మొదటి నెల క్షమించాం. వచ్చే నెలనుంచి క్షమాపణకు నిబంధనల్లో అవకాశం లేదు."

జిల్లా కేంద్రం ముప్పై నాలుగు కిలోమీటర్లు. విలీనమంటే పుస్తకాలు లారీ ఎక్కడం, తలుపుకి తాళం పడడం. ఆ సాయంత్రం సోమసుందరం గారు పాతికమంది శ్రోతల్నీ ఒక్కొక్కరినే చూశారు. వీళ్ళలో ఒక్కళ్ళు కూడా బస్సెక్కి ముప్పై నాలుగు కిలోమీటర్లు వెళ్ళి ఎవరో చదివితే వినరు. తన సంగతి ఆయన చివరికి తలుచుకున్నారు. ఇంట్లో గడియారం ఉంది.

ఆ నెలంతా బతిమాలి అందర్నీ యంత్రాల ముందు కూర్చోబెట్టారు. జోగులు సినిమా వార్తలకి నవ్వి నిమిషాలు పోగొట్టుకున్నాడు. రిటైరైన బస్సు కండక్టరు బుల్లియ్య చావుకబుర్ల పేజీలో తెలిసిన ముఖం చూసి కళ్ళు తుడుచుకున్నాడు. 'కంటికి చెయ్యి అడ్డము. పఠనము రద్దు' అంది తెర. నెలాఖరున సోమసుందరం గారు తాళంచెవిని జేబులో తడుముకుంటూ కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"అభినందనలు! ఎనిమిది వేల రెండు వందల పన్నెండు!" హేరంబరావు గారి గొంతు పొంగిపోతోంది. "ఒక్క పాఠకురాలే ఏడు వేల ఎనిమిది వందల నిమిషాలు! తొంభై ఎనిమిది శాతం శ్రద్ధ! రాష్ట్రంలోనే ప్రథమ స్థానం. ఎవరండీ ఆ పదిహేడో నంబరు మహా పాఠకురాలు?"

సోమసుందరం గారు రిజిస్టరు తిప్పారు. పదిహేడు, మాణిక్యం, వేలిముద్ర.

"సార్, ఆవిడకి—"

"ఏమీ చెప్పకండి. ఎల్లుండి శాలువాతో వస్తున్నాం."

ఫోను పెట్టేసి సోమసుందరం గారు హాల్లోకి తొంగిచూశారు. మాణిక్యం మూలనున్న నాలుగో యంత్రం దగ్గర, స్టాండు మీద గడ్డం ఆనించుకుని హాయిగా కూర్చుని ఉంది. ముందు బల్ల మీద మల్లెమొగ్గల్ని వరసలు వరసలుగా పేర్చుకుంది. ఎడమ చివరనుంచి ఒక్కో జతా తీసి కట్టుకుంటూ కుడి చివరికి వెళుతోంది. వరస అయిపోగానే చూపు మళ్ళీ ఎడమ చివరికొచ్చి కింది వరస అందుకుంటోంది. తల ఎత్తదు. నవ్వదు. ఆలోచనకి ఆగదు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు.

"ఇక్కడెందుక్కూర్చున్నావు మాణిక్యం?" అనడిగారు.

"తప్పాండి? ఎవరూ కూర్చోవడం లేదు కదాని..." ఆమె గడ్డం తియ్యకుండానే పళ్ళ మధ్యనుంచి అంది. "ఇరవై ఏళ్ళుగా వంగి వంగి కట్టీసరికి మెడ పీకేస్తందండి. దీని మీద పెడితే పేణం లేచొచ్చినట్టుందండి బాబూ. ఎవరు కనిపెట్టారోగానీ పుణ్యాత్ములు. దీపం కూడా పెట్టేరు."

ఆ యంత్రం వల్ల మనిషికి జరిగిన మేలు ఒకటి ఉందని సోమసుందరం గారు మొదటిసారిగా ఒప్పుకున్నారు.

అన్నట్టే మూడోనాడు సభ జరిగింది. హేరంబరావు గారు శాలువా కప్పి, పటం కట్టించిన ప్రశంసాపత్రం చేతికిచ్చి, మైకు ముందుకు తోశారు. "అమ్మా, ఇంత పఠించారు. మీకు మిక్కిలి నచ్చిన గ్రంథమేది?"

"నాకు చదువు రాదండి" అంది మాణిక్యం.

హేరంబరావు గారు చిరునవ్వుతో జనంవైపు తిరిగారు. "చూశారా వినయం! ఎంత చదివినా ఏమీ రాదనుకోవడమే నిజమైన విద్వత్తు."

"అది కాదండి. నిజంగానే రాదండి. వేలిముద్రేనండి."

"అమ్మా, యంత్రం అబద్ధం చెప్పదు. మీకు చదువు రాదన్నది మీ వ్యక్తిగత అభిప్రాయం. సరే, ఇటీవల ఏ కథ చదివారో చెప్పండి."

మాణిక్యం పాపారాయుడు గారివైపు చూసింది. ఆయన తల ఊపారు. ఆమె మొదలుపెట్టింది. ఓడ రేవు వదిలిన రోజునుంచీ చెప్పింది. సరుకేమిటో, తుఫాను ఏ పక్కనుంచి కొట్టిందో, వంటవాడు ఉప్పుమూట దాచిన చోటేదో, అన్నీ. పాపారాయుడు గారు ఎక్కడ గొంతు తగ్గిస్తారో అక్కడ తగ్గించింది. పాతికమంది శ్రోతలూ తెలిసిన కథే మళ్ళీ నోరు తెరుచుకుని విన్నారు. "పన్నెండో రోజున మంచినీళ్ళయిపోయాయండి. పీపా బోర్లిస్తే ఒక్క చుక్క రాలేదండి. అక్కడిదాకా అయిందండి" అని ఆపింది.

"అద్భుతం!" అన్నారు హేరంబరావు గారు. "ఇక చదువు రాదనడంలో అర్థమేముంది?"

సభ అయ్యాక సోమసుందరం గారు ఆయన్ని పక్కకి తీసుకెళ్ళి పూల వరసల సంగతి వివరంగా చెప్పారు. హేరంబరావు గారు చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. చూపు ఒకేచోట మూడు క్షణాలకు మించి నిలిచింది.

"నివేదిక రాజధానికి వెళ్ళిపోయింది" అన్నారు చివరికి. "రేవుపాలేన్ని ఆదర్శ శాఖగా ప్రకటించారు. ఇప్పుడు తప్పు జరగడానికి వీల్లేదు. కాబట్టి జరగలేదు."

మర్నాడు నాలుగు కాకముందే రెండో ఉత్తర్వు వచ్చింది. 'రేవుపాలెం శాఖ అనుభవమును బట్టి పుష్పసహిత పఠనము పాఠకుని ఏకాగ్రతను పెంపొందించునని రుజువైనది. జిల్లాలోని నలభై రెండు శాఖలయందు దీనిని తక్షణమే అమలు చేయవలెను.' మల్లెలు దొరకని చోట కనకాంబరాలు వాడమన్నారు. పూలే దొరకని మెట్ట ప్రాంతపు శాఖ ఒకటి బియ్యంలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. అక్కడ పఠన వేగం బావుంది గానీ అవగాహన తక్కువగా ఉందని తనిఖీ బృందం రాసింది.

ఉత్తర్వు చివర మరో పేరా ఉంది. 'ఒకరు చదువుచుండగా పలువురు వినుట అనధికార పఠన ప్రసారముగా గుర్తింపబడినది. నిమిషము ఒకరిది, ప్రయోజనము పలువురిది అగుట న్యాయము కాదు. కావున గ్రంథాలయములందు పాఠకులెవరూ బిగ్గరగా చదవరాదు.'

ఆ సాయంత్రం పాపారాయుడు గారి కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన గుమ్మం దాకా వచ్చి, ఆ పేరా రాసి తగిలించిన కొత్త బోర్డు చదివి, వెనక్కి వెళ్ళిపోయారు. మెల్లగా మాట్లాడడం ఆయనకి రాదు.

నాలుగోరోజున మాణిక్యం పటం సంచీలో పెట్టుకుని ఆయనింటికే వెళ్ళింది.

"ఇందులో నా పేరు ఏదండి?"

ఆయన వేలు పెట్టి చూపించారు.

"ఇంతేనా! ఇంత చిన్నదాండి?" అని కాసేపు దాన్నే చూసింది. "నాకు చదువు చెప్పండి. రాష్ట్రంలో ఫస్టంట. రాకపోతే అందరికీ పరువు తక్కువ కదండి. పైగా ఆ ఓడ సంగతి ఏదో తేలాలండి. పన్నెండో రోజు కాడ వదిలేసేరు. మంచినీళ్ళు లేకుండా మనుషులెన్నాళ్ళుంటారు?"

"నేను చెబుతానుగా, ఆ తరవాత—"

"వద్దండి. చదవకుండా తరవాతి కథ చెప్పకూడదని మీరే కదా రూలు పెట్టేరు."

పాపారాయుడు గారికి ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరూ ఇంత సూటిగా బదులు చెప్పలేదు. మర్నాడు పొద్దున్నుంచీ ఆయన గ్రంథాలయం వెనక వరండాలో, వీధి చివరకి మాత్రమే వినపడేంత మెల్లగా, అక్షరాలు మొదలుపెట్టారు. ఎదురుగా పూలు. మొదటి అక్షరాలన్నీ మల్లెమొగ్గలతోనే పేర్చుకుంది. వేళ్ళకి తెలిసినవి కళ్ళకి తొందరగా తెలిశాయి.

చిక్కేమిటంటే, పొద్దుటి మూడు గంటలూ చదువుకి పోయేసరికి పఠనం పడిపోయింది. రేవుపాలెం శాఖలో పూలు కట్టడం వచ్చింది ఆమె ఒక్కతికే గనక మిగతా యంత్రాలు ఎప్పటిలాగే నిమిషాలు మింగి కూర్చున్నాయి. సోమసుందరం గారు రోజూ అంకె చూసుకునేవారు, ఆమెతో అనలేకపోయేవారు. మనిషి అక్షరాలు నేర్చుకుంటుంటే ఆపి, చదివినట్టు కనపడమని అడగడానికి ఆయనకి నోరు రాలేదు.

నెల ఆఖరి రోజొచ్చింది. పొద్దున మాణిక్యం ఓడ పుస్తకం తీసుకుని, నాలుగో యంత్రం మీద గడ్డం ఆనించి, పేజీ మీద వేలు పెట్టి మొదటిసారి తనంతట తాను చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం దగ్గరా ఆగింది. పెదవులు కదిలాయి.

'పాఠకురాలు పదిహేడు. నిద్ర' అంది తెర. "దయచేసి చదవండి" అంది ఆడగొంతు.

"చదువుతన్నాను కదమ్మా" అంది మాణిక్యం దానితో మర్యాదగానే.

సాయంత్రం నాలుగింటికి సోమసుందరం గారు లెక్క తేల్చారు. ఇంకా ఆరువందల నలభై నిమిషాలు కావాలి. ఏడింటికి గ్రంథాలయం మూసేస్తారు. నాలుగు యంత్రాలు, మూడు గంటలు. నాలుగూ ఆగకుండా నడిస్తే ఏడు వందల ఇరవై. ఇక దాచడానికేమీ లేక హాల్లో అందరికీ చెప్పేశారు.

మాణిక్యం పుస్తకం మూసింది. "పోనీలెండి బాబుగారూ. ఇవాళ పూలే కడతాను. ఓడ ఎక్కడికి పోద్ది?"

"నువ్వొక్కత్తివీ కడితే నూట ఎనభై. చాలవు" అన్నారాయన.

వెనక వరండాలోంచి వచ్చి నిలబడ్డ పాపారాయుడు గారు గొంతు సవరించుకుని జోగులువైపూ, బుల్లియ్యవైపూ చూశారు. వాళ్ళు తమను కాదేమోనని వెనక్కి తిరిగి చూశారు. తమనే.

"మాకు పూలు కట్టడం వచ్చేటండి?" అన్నాడు జోగులు.

"గొలుసు ఎక్కించే వేళ్ళు కదా, దారం ఎక్కించలేవూ?" అని మాణిక్యం బుట్ట తెచ్చి నాలుగు బల్లల మీదా మొగ్గలు వరసలుగా పేర్చేసింది. "రెండిటు, రెండటు, మెలి, ముడి. అంతేనండి. నలపకండేం."

ఒక యంత్రం దగ్గర పాపారాయుడు గారు, ఒకదాని దగ్గర జోగులు, ఒకదాని దగ్గర బుల్లియ్య, నాలుగోదాని దగ్గర సోమసుందరం గారు. నలుగురికీ చదువొచ్చు. నలుగురూ గడ్డాలు ఆనించి దారం పట్టుకున్నారు. ముళ్ళు వదులైనాయి, మొగ్గలు జారిపోయాయి. తెరల మీద మాత్రం శ్రద్ధ తొంభై దాటింది.

"మరి నువ్వేం చేస్తావు?" అన్నారు సోమసుందరం గారు పళ్ళ మధ్యనుంచి. "అదిగో, ఆ కుర్చీలో కూర్చుని చదువు. పైకి చదువు."

"పైకి చదవకూడదని రాశారంట కదండి?"

"పాఠకులు చదవకూడదన్నారు. పొద్దున్న యంత్రం నువ్వు చదవట్లేదని తేల్చేసింది. నీకు వర్తించదు."

ప్రభుత్వంలో ముప్పై ఏళ్ళు పనిచేసినందుకు ఆయనకి దక్కిన తెలివి ఆ ఒక్క వాక్యంలో ఖర్చయింది.

మాణిక్యం కిటికీ పక్క చేతుల కుర్చీలో అంచుమీద కూర్చుంది. గుమ్మం దగ్గర శ్రోతలు ఒక్కొక్కరే వచ్చి చేరారు. ఆమె పేజీ తెరిచి, వేలు పెట్టింది.

"పద... మూడో... రో... జు..."

ఎవరూ కదల్లేదు.

"తె... ల్ల... వా... రే... సరికి... దూ... రంగా..." అక్కడ ఆగిపోయింది. వేలు తరవాతి మాట మీద నిలిచింది. మూడు క్షణాలు దాటాయి. పది దాటాయి.

పాపారాయుడు గారికి ఆ మాట తెలుసు. నాలిక చివరిదాకా వచ్చింది. నోరు తెరిస్తే గడ్డం లేస్తుంది, గడ్డం లేస్తే నిమిషం పోతుంది. ఆయన మెడనరాలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడింది, చేతిలో మొగ్గ నలిగింది. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని దిద్దకుండా ఊరుకున్నారు.

"తీ..." అంది మాణిక్యం. మళ్ళీ మొదటికొచ్చింది. "తీ... రం. తీరం!" ముఖమెత్తి అందరివైపూ చూసింది. "తీరం కనపడిందండి!"

గుమ్మం దగ్గర పాతికమందీ ఒక్కసారే ఊపిరి వదిలారు. బుల్లియ్య నవ్వేశాడు, ఒక నిమిషం పోయింది. జోగులు నవ్వాడు, ఇంకొకటి పోయింది. పాపారాయుడు గారు కళ్ళు తుడుచుకోబోయి చెయ్యి ఆపుకున్నారు. కాసేపు అవి అలాగే తడిగా ఎడమనుంచి కుడికి, మళ్ళీ ఎడమకి నడిచాయి.

సోమసుందరం గారు గోడగడియారం చూడలేదు. ఎనభై నిమిషాలు అదనంగానే ఉన్నాయి, నలుగురు నవ్వుకోవడానికి సరిపోతాయి.

"ఊఁ" అన్నారాయన గడ్డం కదపకుండా. "తరవాత?"